మాటకు పూచీ ఎవరు?

(1930 మే నెలలో రంగం రేవులో మరణించిన తెలుగు కూలీల స్మారకోపన్యాసం. విశాఖపట్నం సభలో చదివిన పాఠం.)



స్మారకోపన్యాస సభ అంటే వేదిక మీద ఒక పటం ఉంటుంది, పటానికి దండ ఉంటుంది. ఆ వ్యక్తి పుట్టిన ఊరు, చేసిన సేవ చెప్పుకున్నాకే వక్త తన విషయంలోకి వెళ్తాడు. ఈ వేదిక మీద పటం లేదు. మనం తలచుకోవడానికి కూడినవారి ముఖాలు మనకు తెలియవు, పేర్లూ తెలియవు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల పల్లెల నుంచి ఓడెక్కి రంగూన్ చేరి, అక్కడి రేవులో బరువులు మోస్తూ, 1930 మే నెలాఖరున హతులైన మనుషులు వారు. రంగూన్‌ను మన పల్లెలు రంగం అన్నాయి. ఈనాడు దాని పేరు యాంగోన్. సందర్భాన్ని బట్టి మూడు పేర్లూ వాడతాను.

జాతులుగా చీలిన సమాజాల్లో సంఘర్షణలను రాజకీయంగా ఎలా పరిష్కరించాలన్నది నాకు అప్పగించిన విషయం. దీని మీద గొప్ప సిద్ధాంతాలు ఉన్నాయి. అధికారాన్ని జాతుల మధ్య పంచి, ప్రతి జాతికీ తన వాటా ఖాయం చేయాలని డచ్ పండితుడు అరెండ్ లైప్‌హార్ట్ వాదించాడు. వాటాలు ఖాయం చేస్తే చీలికలూ ఖాయమవుతాయి, జాతుల గీత దాటి ఓట్లు అడగవలసిన అవసరాన్ని నాయకులకు కల్పించాలని అమెరికన్ పండితుడు డొనాల్డ్ హొరోవిట్జ్ బదులు చెప్పాడు. ఈ వాదం దశాబ్దాలుగా నడుస్తోంది. నేను ఇందులో ఒక పక్షం వహించబోవడం లేదు. ఈ రెండు దారులకూ ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉందని నా అభిప్రాయం. ఆ ప్రశ్న నాకు రంగం రేవులో దొరికింది. కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

1. రేవు

బర్మావారు తెలుగువాళ్ళను కోరంగీలు అన్నారు. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి రేవు నుంచి తొలి ఓడలు వెళ్ళాయి గనుక ఆ పేరు. కోరంగి 1839 తుపానులో దెబ్బతిన్నది. తరువాతి కాలపు కూలీలు కాకినాడలోనో, భీమునిపట్నంలోనో, విశాఖలోనో, కళింగపట్నంలోనో ఓడెక్కారు. అయినా అవతలి ఒడ్డున పాత పేరే నిలిచింది. మేస్త్రీ బయానా ఇచ్చి తీసుకుపోయేవాడు. కూలిలో తన భాగం తాను పట్టుకునేవాడు. ధాన్యం మిల్లుల్లో, లాంచీల మీద, రేవులో, పాకీపనిలో మన మనుషులు నిండిపోయారు. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షల 17 వేల మంది. రంగూన్ జనాభా 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. ఒక దేశపు రాజధానిలో ఆ దేశస్థులు అల్పసంఖ్యాకులుగా మిగిలారు.

1930 మే 5వ తేదీన రెండు సంగతులు జరిగాయి. తెల్లవారకముందే ఇక్కడ గాంధీజీని అరెస్టు చేశారు. ఆ రాత్రి అక్కడ పెగూలో భూకంపం వచ్చి రంగూన్‌ను కూడా కుదిపింది. ఆ పక్షంలోనే రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల్లో సరుకు దించే కంపెనీలు సమ్మెను విరవడానికి బర్మా కూలీలను పిలిచాయి. ధాన్యం ధరలు కూలిపోతున్న సంవత్సరం అది. డెల్టాలో భూములు చెట్టియార్ల అప్పుల కింద జారిపోతున్నాయి. పల్లెల్లో పని లేని బర్మా యువకులకు రేవు పని దొరకడం చిన్న విషయం కాదు. అలవాటు లేని బరువులు ఎత్తారు, మూడు వారాల్లో పని నేర్చుకున్నారు. ఈలోగా కంపెనీలు తెలుగు కూలీలతో రాజీపడి కూలి కొంత పెంచాయి. మే 26వ తేదీ ఉదయం తెలుగు కూలీలు తిరిగి పనిలోకి వచ్చారు. బర్మా కూలీలూ రోజూలాగే వచ్చారు. తమను తీసేశారన్న సంగతి వారు రేవు దగ్గరికి వచ్చాకే తెలుసుకున్నారు. అప్పటి రంగూన్ జిల్లా మేజిస్ట్రేటు మారిస్ కాలిస్ తరువాత రాసిన జ్ఞాపకాల్లో ఈ ఉదయాన్ని వివరించాడు.

తరువాతి రోజుల్లో జరిగింది వేట. వీధుల్లో, బారకాసుల్లో కనబడిన కోరంగీనల్లా నరికారు. వేల మంది మనవాళ్ళు పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. చనిపోయినవారు వందకు పైనే. కొందరి లెక్కలో రెండు వందలు. సమ్మె విరవడానికి వచ్చినవాడు సమ్మె కట్టినవాడిని చంపాడు. పిలిచినవాడూ తీసేసినవాడూ అయిన మూడో మనిషి మీద ఒక్క దెబ్బా పడలేదు.

ఇది జాతి వైరం అని చాలామంది రాశారు. ఆ ఉదయం రేవులో ఉన్నవి రెండు మాటలని గమనించమని కోరుతున్నాను. బర్మా కూలీకి కంపెనీ ఇచ్చిన మాట ఒకటి: పని ఉంది, రండి. తెలుగు కూలీకి ఇచ్చిన మాట మరొకటి: తిరిగి రండి, పెంచుతాం. రెండు మాటలూ ఇచ్చింది ఒకరే. ఒకటి నిలపడానికి రెండోది విరిచింది కూడా ఒకరే. విరిచినందుకు జవాబు చెప్పవలసిన చోటు ఎక్కడా లేదు. అల్లర్లు అణిగాక రేవు పనిలో బర్మావారికి వాటా పెట్టారు. నెత్తురు పారకముందే ఆ వాటా పెట్టడం ఎవరికీ తోచలేదు.

మన పల్లెల్లో ప్రాంసరీ నోటు రాసేటప్పుడు సాక్షి వేరు, పూచీదారు వేరు. సాక్షి నేను చూశాను అంటాడు. పూచీదారు ఇతను కట్టకపోతే నేను కడతాను అంటాడు. వాటాలు పంచాలా, కలిపి ఉంచాలా అన్న వాదానికి ముందు అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ మాటకు పూచీ ఎవరు? జాతుల మధ్య రాజీలు కుదరకపోవడం అరుదు. ఆశ్చర్యం కలిగేంత తరచుగా అవి కుదురుతూనే ఉంటాయి. కుదిరినవి నిలవకపోవడమే చరిత్ర. ఒక్క పక్షం తలుచుకుంటే రద్దు చేయగల రాజీ ఎంత న్యాయంగా రాసినా గడువు లేని విరామం మాత్రమే. ఈ ఉపన్యాసం అంతా ఈ ఒక్క మాటే.

2. సంత

జాతులుగా చీలిన సమాజం అన్న శాస్త్ర భావన పుట్టిన చోట్లలో బర్మా ఒకటి. జె. ఎస్. ఫర్నివాల్ అక్కడ ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసి, ఆ దేశాన్నీ డచ్చివారి జావానూ పోల్చి చూశాడు. వలస పాలనలో జాతులు పక్కపక్కనే బతుకుతాయి, కాని సంతలో తప్ప ఎక్కడా కలవవు అన్నది ఆయన గమనించిన సత్యం. ఒకరి మతం ఒకరిది, ఒకరి వాడ ఒకరిది. అమ్మకం, కొనుగోలు దగ్గర మాత్రమే ముఖాముఖి. రంగం రేవు అలాంటి సంత. తెలుగు కూలీకి బర్మా కూలీ ఒక మనిషిగా ఎదురుపడే చోటు ఏదీ లేదు. పోటీదారుగానే ఎదురుపడ్డాడు.

బ్రిటిష్ పాలన నగరంలో చేసింది ఇది. దేశమంతటా అదే పని మరో రూపంలో చేసింది. మైదానంలోని బర్మాను నేరుగా పాలించి, షాన్, కచిన్, చిన్ కొండలను సరిహద్దు ప్రాంతాలని వేరుగా ఉంచింది. సైన్యంలోకి కరెన్లను, కచిన్లను, చిన్లను తీసుకొని బర్మావారిని చాలావరకు బయట పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ గీత రక్తపు గీత అయింది. బర్మా యువకులు మొదట జపాన్ పక్షాన నిలిచారు. కరెన్లు, కచిన్లు చాలామంది బ్రిటిష్ పక్షాన నిలిచారు. 1942లో డెల్టాలోని మ్యౌంగ్‌మ్యాలో కరెన్ పల్లెల మీద జరిగిన హత్యాకాండ ఆ జాతి జ్ఞాపకంలో నేటికీ ఉంది.

అదే సంవత్సరం మనవారి చరిత్రలోనూ ఉంది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రేవు కూలీలు, పాకీపనివారు మొదట పారిపోయారు. నగరం వారి చేతుల మీద నడిచేదని అప్పుడు గాని దొరలకు తెలియలేదు. నాలుగైదు లక్షల మంది భారతీయులు అరకాన్ దారినో, మణిపూర్ దారినో, హుకాంగ్ లోయ దారినో కాలినడకన బయలుదేరారు. పదుల వేల మంది దారిలో రాలిపోయారు. 1930లో చనిపోయినవారికి పూచీ లేదన్నాను. 1942లో మొత్తం ఒక ప్రజకే పూచీ లేదు.

3. సచివాలయం

యుద్ధం ముగిశాక బర్మాకు ఒక అవకాశం వచ్చింది. జనవరి 1947లో బ్రిటిష్ ప్రధాని అట్లీతో లండన్ ఒప్పందం చేసుకొని వచ్చిన బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్, తరువాతి నెలలో షాన్ కొండల్లోని పాంగ్లాంగ్ అనే చిన్న పట్నానికి వెళ్ళాడు. 1947 ఫిబ్రవరి 12న షాన్, కచిన్, చిన్ నాయకులు ఆయనతో కలిసి ఒక పత్రం మీద సంతకాలు చేశారు. మొత్తం 23 సంతకాలు. సరిహద్దు ప్రాంతాల ఆంతరంగిక పాలనలో సంపూర్ణ స్వయంప్రతిపత్తి సూత్రప్రాయంగా అంగీకృతం అని దాని సారం. ఆ తేదీని నేటికీ యూనియన్ దినోత్సవంగా జరుపుకుంటారు. బర్మాకు ఒక రూపాయి దక్కితే కొండవారికీ ఒక రూపాయి దక్కుతుందని ఆంగ్ సాన్ మాట ఇచ్చినట్టు ఆ దేశంలో పిల్లలు కూడా చెబుతారు.

పాంగ్లాంగ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అన్ని కొండలకూ తుపాకులు ఉన్న దేశంలో, తుపాకి పేలకుండా ఒక దేశం పుట్టడానికి ఒప్పందం కుదిరింది. కాని ఆ పత్రంలో రెండు ఖాళీలు ఉన్నాయి. మొదటిది, కరెన్లు పరిశీలకులుగా వచ్చారు, సంతకం చేయలేదు. కరెన్నీలు, మొన్‌లు, రఖైన్లు ఆ సంతకాల్లో లేరు. రెండోది, సూత్రప్రాయం అన్న మాటను ఆచరణలోకి దించే బాధ్యత ఏ సంస్థ మీదా పెట్టలేదు. ఆ పత్రానికి పూచీ ఆంగ్ సాన్ అనే ఒక మనిషి. ముప్పై రెండేళ్ళ యువకుడు.

1947 జూలై 19 ఉదయం రంగూన్ సచివాలయంలో మంత్రి మండలి సమావేశం జరుగుతుండగా సాయుధులు లోపలికి వచ్చారు. తొమ్మిది మంది మరణించారు. వారెవరో మనం ఒకసారి వినాలి. ఆంగ్ సాన్, థకిన్ మ్యా, బ చో, బ విన్ బర్మా నాయకులు. మాన్ బ ఖైంగ్ కరెన్. సావ్ శామ్ తున్ షాన్ పాలకుడు. అబ్దుల్ రజాక్ తమిళ ముస్లిం తండ్రికి, బర్మా తల్లికి పుట్టి, మాండలేలో జాతీయ పాఠశాల నడిపిన ఉపాధ్యాయుడు. మిగిలిన ఇద్దరు ఒక అధికారి, ఒక అంగరక్షకుడు. ఏ దేశం ఏర్పడాలని ఆ తరం కలగన్నదో ఆ దేశం ఆ గదిలో ఒక బల్ల చుట్టూ కూర్చుని ఉంది. పదిహేడేళ్ళ కిందట కోరంగీలను వేటాడిన నగరంలోనే, వలస వచ్చినవాడి కొడుకు విద్యామంత్రిగా ఆ బల్ల దగ్గర ఉన్నాడు. పూచీదారు పోయాక పత్రం మిగిలింది.

ఆ ఏడాది రాజ్యాంగం షాన్, కరెన్నీ రాష్ట్రాలకు పదేళ్ళ తరువాత విడిపోయే హక్కు ఇచ్చింది. కచిన్లకు ఇవ్వలేదు. రాష్ట్రాల పేర్లు సమాఖ్యవి, ఖజానా మాత్రం కేంద్రానిది. కరెన్లు తమకు ఒప్పుదల కాని రాజ్యాంగంలోకి లాగబడ్డామని భావించారు. 1949 జనవరి చివర యాంగోన్ శివారులోని ఇన్సీన్‌లో కరెన్ యుద్ధం మొదలైంది. రాజధాని పొలిమేరలో నెలల తరబడి ఫిరంగులు మోగాయి. ఆ యుద్ధం నేటికీ పూర్తిగా ఆగలేదు.

4. సైన్యం

1950ల చివర కొండ నాయకులు కొందరు మాటల దారి పట్టారు. ఇది చరిత్రలో తగినంత గుర్తింపు పొందని ఘట్టం. 1961లో టౌంగ్యీలో సమావేశమై, రాజ్యాంగాన్ని నిజమైన సమాఖ్యగా సవరించమని ప్రతిపాదించారు. ఊ ను అనే ప్రధాని వినడానికి సిద్ధపడ్డారు. అదే ఏడాది బౌద్ధాన్ని రాజ్యమతం చేసి క్రైస్తవులైన కచిన్లను దూరం చేసుకోవడం ఆయన తప్పుల్లో పెద్దది. అయినా రంగూన్‌లో సమాఖ్య మీద చర్చ నడుస్తూనే ఉంది. 1962 మార్చి 2న సైన్యం ఆ చర్చను ముగించింది. దేశం ముక్కలు కాకుండా కాపాడామన్నది జనరల్ నే విన్ చెప్పిన కారణం. పాంగ్లాంగ్‌లో సంతకం చేసినవారిలో ఒకరు, స్వతంత్ర బర్మా తొలి అధ్యక్షుడు సావ్ శ్వే థైక్ ఆ నవంబరులో నిర్బంధంలోనే మరణించాడు. జూలైలో విద్యార్థులు నిరసన తెలిపితే యాంగోన్ విశ్వవిద్యాలయంలోని విద్యార్థి సంఘ భవనాన్ని డైనమైట్‌తో పేల్చేశారు.

అప్పటి నుంచి ఆ దేశంలో సైన్యం సంఘర్షణలో ఒక పక్షం. అదే సమయంలో పరిష్కారానికి తానే పూచీదారునంటుంది. అప్పు తీసుకున్నవాడే పూచీదారు సంతకం కూడా చేస్తే ఆ నోటు చెల్లదని మన పల్లెలో పిల్లవాడికి తెలుసు.

సైన్యం కూడా ఒప్పందాలు చేసింది. 1989లో వా జాతి సేనతో, 1994లో కచిన్ సంస్థతో, మరెన్నో దళాలతో కాల్పుల విరమణ కుదుర్చుకుంది. అవి యుద్ధం ఆపాయి, రాజకీయం మొదలుపెట్టలేదు. విరామ కాలంలో అడవులు, జేడ్ గనులు చేతులు మారాయి. 2009లో ఆ దళాలను సరిహద్దు రక్షణ దళాలుగా సైన్యం కింద చేరమన్నారు. కచిన్లు ఒప్పుకోలేదు. 2011 జూన్‌లో 17 ఏళ్ళ విరామం ముగిసింది.

2008 రాజ్యాంగం పార్లమెంటులో నాలుగో వంతు స్థానాలు సైన్యానికి ఇచ్చింది. రాజ్యాంగ సవరణకు 75 శాతానికి మించిన ఓట్లు కావాలంది. అంటే తాళమూ తాళం చెవీ ఒకే చేతిలో పెట్టింది. ఆ నీడలోనే 2015 అక్టోబరు 15న దేశవ్యాప్త కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది. సాయుధ సంస్థల్లో ఎనిమిది సంతకం చేశాయి. ఐక్యరాజ్య సమితి, యూరోపియన్ యూనియన్, చైనా, జపాన్, థాయ్‌లాండ్, భారత్ సాక్షులుగా సంతకాలు చేశాయి. తరువాతి ఏడాది ఆంగ్ సాన్ కుమార్తె ఆంగ్ సాన్ సూచీ 21వ శతాబ్దపు పాంగ్లాంగ్ పేరిట మహాసభ జరిపారు. ఆ పేరు పలికినప్పుడు తండ్రి మాట నిలబెడుతున్నారని చాలామంది ఆశపడ్డారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అన్నింటినీ ముగించింది. 2015 ఒప్పందానికి సాక్షులు ఆరుగురు. చూశామన్నారు. పూచీ పడ్డవారు ఒక్కరూ లేరు.

5. మన ఇంట, పొరుగింట

ఇది బర్మా ప్రత్యేకత అని అనుకోకూడదు. మన ఇంట్లోనే చూద్దాం. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఒక పత్రం మీద సంతకాలు చేశారు. ఒక వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి ప్రభృతులు, మరోవైపు బూర్గుల రామకృష్ణారావు, మర్రి చెన్నారెడ్డి ప్రభృతులు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు కావాలి. ఉద్యోగాల్లో స్థానికులకు ముల్కీ రక్షణ ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి మరో ప్రాంతం వారు కావాలి. దీనికి పెద్దమనుషుల ఒప్పందమని పేరు. పేరులోనే దాని బలహీనత ఉంది. దానికి పూచీ పెద్దమనుషులు. మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి పదవి లేదు. ప్రాంతీయ సంఘం ఏర్పడింది కాని దాని మాట తప్పక వినాలన్న నియమం లేదు. 1969లో వీధులు రగిలాయి, యువకులు తుపాకి గుండ్లకు బలయ్యారు. 1973లో ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చాయి. చివరికి 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి.

తెలుగువారిది ఒకే భాష గనుక దీన్ని జాతుల సంఘర్షణ అనడం సరికాదు. అయినా పాఠం ఒకటే: ఇచ్చినవారి సద్భావన మీద ఆధారపడిన మాట, ఆ సద్భావన ఉన్నంత కాలమే ఉంటుంది. తేడా కూడా చెప్పాలి. మనకు న్యాయస్థానం ఉంది, పత్రిక ఉంది, ఓటు ఉంది, సైన్యం బారకాసుల్లో ఉంది. మాట తప్పినా తగవు పార్లమెంటులో తేలింది. ఒప్పందానికి పూచీ లేకపోయినా తగవుకు ఒక వేదిక ఉంది. బర్మాకు రెండూ లేవు.

శ్రీలంకలో 1957 జూలైలో ప్రధాని బండారనాయకే, తమిళ నాయకుడు చెల్వనాయగం ప్రాంతీయ మండళ్ళ మీద ఒప్పందం చేసుకున్నారు. ఏడాది తిరగకముందే, బౌద్ధ భిక్షువుల ఒత్తిడికి లొంగి ప్రధాని దాన్ని రద్దు చేశారు. ఒక్క మనిషి ఇచ్చాడు, ఆ ఒక్క మనిషే వెనక్కి తీసుకున్నాడు. ఆ తరువాతి యుద్ధం 2009 దాకా సాగింది.

నిలిచినవి కూడా ఉన్నాయి. బర్మాలోని చిన్ కొండలకు సరిహద్దు అవతల మిజోరం ఉంది. ఇరువైపులా ఉన్నది దగ్గరి బంధువులైన జనమే. మిజోరంలో 1966లో తిరుగుబాటు మొదలైంది. ఐజ్వాల్ మీద భారత వాయుసేన బాంబులు వేసింది. 1986 జూన్ 30న ఒప్పందం కుదిరాక తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యాడు. మరుసటి ఏడాది మిజోరం రాష్ట్రమైంది. మిజోల ఆచారాలు, భూమి బదిలీ వంటి విషయాల్లో పార్లమెంటు చట్టం ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకుంటే గాని వర్తించదని 371-జి అధికరణం రాజ్యాంగంలో చేరింది. మాట మనుషుల చేతుల నుంచి రాజ్యాంగంలోకి వెళ్ళింది. ఉత్తర ఐర్లండ్‌లో 1998 ఏప్రిల్ ఒప్పందాన్ని ఉత్తరాన, దక్షిణాన ప్రజలు ఓటు వేసి ఆమోదించారు. బ్రిటన్, ఐర్లండ్ దేశాలు రెండూ దానికి బద్ధులయ్యాయి. అక్కడి ప్రభుత్వం ఎన్నోసార్లు కూలింది, సంవత్సరాల తరబడి మూతపడింది. పాత యుద్ధం తిరిగి రాలేదు. పూచీ ఒక్క చేతిలో లేకపోవడం వల్లనే అది సాధ్యమైంది.

6. కొండ లేనివాడు

ఇంతవరకు చెప్పినదంతా కొండ ఉన్నవారి కథ. షాన్‌కు షాన్ కొండ ఉంది, కచిన్‌కు కచిన్ కొండ ఉంది. సమాఖ్య వారికి తాళం చెవి. రంగం రేవులో చనిపోయినవారికి ఏ కొండ ఉంది? వారు ఏ రాష్ట్రం అడగగలరు? భూమి ఆధారంగా కుదిరే ప్రతి రాజీలోనూ భూమి లేనివాడు జారిపోతాడు. పాంగ్లాంగ్ బల్ల దగ్గర రంగూన్ కూలీకి కుర్చీ లేదు. 1964లో దుకాణాలు జాతీయం చేసినప్పుడు, పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు ఆ సంగతి తేలిపోయింది. ఆ దశకంలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు ఆ దేశం విడిచి వచ్చారు. ఈ నగరంలో బర్మా క్యాంపు అన్న పేటకు ఆ పేరు ఎందుకు వచ్చిందో ఈ సభకు వచ్చిన బర్మా కుటుంబాల వృద్ధులకు పుస్తకం చూడకుండానే తెలుసు.

1982 పౌరసత్వ చట్టం ఆ జారిపోవడాన్ని శాసనంగా రాసింది. 1823కు ముందు, అంటే బ్రిటిష్‌వారు కాలు పెట్టకముందు, ఆ నేల మీద స్థిరపడిన జాతులవారే సంపూర్ణ పౌరులు. ప్రభుత్వ జాబితాలో అలాంటి జాతులు 135. మిగిలినవారికి సహ పౌరసత్వం, దత్త పౌరసత్వం అన్న కింది మెట్లు. అరకాన్‌లోని రోహింగ్యా ముస్లింలు ఆ జాబితాలో లేరు. 2017 ఆగస్టు తరువాత 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. వారు నడిచిన దారుల్లో కొన్ని 1942లో మన కూలీలు నడిచిన అరకాన్ దారులే. శ్రీలంక కూడా 1948లో తేయాకు తోటల తమిళుల పౌరసత్వం తీసేసిన తరువాతే చెల్వనాయగంతో మాట్లాడింది. కొండ లేనివాడిని తోసేయడంతో మొదలైన రాజ్యం, కొండ ఉన్నవాడికి ఇచ్చిన మాటా నిలుపుకోదు.

కనుక పూచీకి రెండు కాళ్ళు ఉండాలి. ఒకటి, భూమి ఉన్న జాతులకు ఏ ఒక్క పక్షమూ మార్చలేని స్వపరిపాలన. రెండు, భూమి లేనివాడికి అతని తాత ఎక్కడ పుట్టాడని అడగని పౌరసత్వం. రెండోది లేని సమాఖ్యలో ప్రతి కొండా తన లోపలి చిన్న జాతికి మరో రంగూన్ అవుతుంది. ఈ రెండింటి కింద మూడో నియమం ఒకటి ఉంది: సైన్యం రాజ్యాంగానికి లోబడాలి. తుపాకి పట్టిన చేయి తరాజు పట్టకూడదు.

2021 తరువాత బర్మాలో పరిస్థితి భయంకరం. కాని ఒక మార్పు ఉంది. నగరాల్లోని బర్మా యువకులు సైన్యం తమ మీద కాల్చినప్పుడు కొండలకు పారిపోయి, కరెన్ల దగ్గర, కచిన్ల దగ్గర ఆశ్రయం పొందారు. 2021 మార్చి చివర సైన్యాన్ని ఎదిరించే ప్రజాప్రతినిధులు 2008 రాజ్యాంగాన్ని రద్దు చేసి, సమాఖ్య ప్రజాస్వామ్య ప్రణాళికను ప్రకటించారు. ఆ జూన్‌లో వారి జాతీయ ఐక్య ప్రభుత్వం 1982 చట్టాన్ని తొలగిస్తామని చెప్పి, రోహింగ్యాలను ఆ పేరుతోనే సంబోధించింది. ఇవి కూడా మాటలే. పాంగ్లాంగ్ తరువాత జరిగిన పొరపాటు వీటి విషయంలోనూ జరగవచ్చు. కొండ సేనలు కూడా తమ నేల మీద చిన్న జాతులను ఎలా చూస్తాయన్నది ఇంకా తేలవలసిన విషయం. యుద్ధంలో మిత్రులైనంత మాత్రాన శాంతిలో పూచీదారులు కారు. ఇచ్చే మాటకు ఏ ఒక్కరూ కదల్చలేని తాళం వేసుకోవడానికి అనువైన కాలం, ఏ ఒక్కరూ పూర్తిగా గెలవని కాలమే.

అధ్యక్షా, ముగిస్తున్నాను. 1930 మే 26 ఉదయం రేవుకు రెండు జట్లు వచ్చాయి. ఒక జట్టు మన పల్లెల నుంచి వెళ్ళింది. రెండో జట్టు డెల్టా పల్లెల నుంచి వచ్చింది. మన జట్టులో చనిపోయినవారిని తలచుకోవడానికి ఇక్కడ కూడాం. ఆ ఉదయం పనికి వచ్చి, పని పోయిందని గుమ్మం దగ్గర తెలుసుకొని, ఆ రోజు ముగిసేసరికి హంతకులైన డెల్టా కూలీల పేర్లు కూడా మనకు తెలియవు. వారు చేసినదానికి క్షమాపణ నేను చెప్పలేను. వారికీ ఎవరో మాట ఇచ్చారని మాత్రం ఈ సభలో ఒకసారి చెప్పకుండా, మనవారి సంస్మరణ పూర్తి కాదని నా మనవి.